ప్రైవేట్ నంబరు అరవై మూడు

"ఒక్క సంతకమేనండీ, అయిదు సెకన్ల పని," అంటూ మేనేజర్ వినోద్ బల్ల మీద కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.

జ్ఞానరత్నం కళ్ళజోడు పెట్టుకుంది. కోల్‌కతాకి రెండు మూడు గంటల దూరంలో, తెలుగువాళ్ళు స్థిరపడ్డ ఒక రైల్వే ఊళ్ళో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఇనుప దూలాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె పదహారేళ్ళుగా మేనేజర్ల దగ్గర ఆఫీస్ అసిస్టెంటు. ఇప్పటికి నలుగురు మేనేజర్లు మారారు గానీ ఆమె కుర్చీ మారలేదు. ఈ పదహారేళ్ళలో ఒక్క కాగితం కూడా చదవకుండా ఆమె చెయ్యి దాటి పోలేదు. ఆ సంగతి వినోద్‌కి తెలియదు కాబోలు, అప్పటికే పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

పైన అంతా బాగానే ఉంది. ఆఫీసు సహాయకులకు ఒకరోజు శిక్షణ, మంగళవారం, కాన్ఫరెన్స్ హాలు. ఫోన్లో మాట్లాడడం, వచ్చిన సమాచారం రాసుకోవడం, ఫైళ్ళు సర్దడం, మీటింగులు ఏర్పాటు చేయడం. నేర్చుకోవడానికి ఆమెకేం నామోషీ లేదు. యాభై ఏడో ఏట, మొన్నమొన్ననే కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం పట్టుబట్టి నేర్చుకున్న మనిషి. కానీ కిందికి వచ్చేసరికి, 'ఈ ఉద్యోగిని శిక్షణకు పంపడానికి కారణం' అన్న గడిలో ఇలా టైపు చేసి ఉంది: 'క్రేన్ బ్రేకు గురించి ఫోన్లో వచ్చిన హెచ్చరికను మేనేజర్‌కు అందజేయకుండా, సొంతంగా జవాబు చెప్పడం.'

జ్ఞానరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేటి సార్? నాను మీకు సెప్పినాను గదా!"

వినోద్ నవ్వాడు. హైదరాబాదు నుంచి వచ్చి రెండేళ్ళయింది, ఆమె మాట వినపడితే చాలు, ఏదో వినోదం చూసినట్టు మొహం పెడతాడు. "మీ తెలుగు భలే ఉంటుందండీ. చూడండి జ్ఞానరత్నం గారూ, నాకైతే మీరు చెప్పినట్టు గుర్తులేదు. ఎల్లుండి విశాఖ హెడ్డాఫీసు నుంచి విచారణకి వస్తున్నారు. పొరపాటు జరిగింది, శిక్షణ ఇప్పించాం అని కాగితం చూపిస్తే ఫైలు మూసేస్తారు. పద్నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు, మీకెందుకు ఈ గొడవ?"

"సంతకం ఎట్టకపోతే?"

"అప్పుడు అది శిక్షణతో పోదు," అన్నాడు వినోద్, పెన్ను మూత పెడుతూ.

అసలు జరిగింది ఇదీ. శనివారం పొద్దున్న పదకొండూ ఇరవైకి రెండో షెడ్డు ఫోర్‌మన్ అప్పలకొండ ఆమెకు ఫోన్ చేశాడు. "జ్ఞానమ్మా, పై క్రేన్ బ్రేకు జారిపోతంది. ఎత్తిన దూలం నిలబడ్డం లేదు. ఆపమని సారు సేత ఆర్డరు ఇప్పించు తల్లీ, గబుక్కున." సరుకు లారీలకెక్కే రోజు క్రేన్ ఆపే అధికారం ఫోర్‌మన్‌కి లేదు, మేనేజర్ చెప్పాల్సిందే. జ్ఞానరత్నం ఆ మాటే మాటగా పుస్తకంలో రాసుకుని, ఇంటర్‌కమ్‌లో వినోద్‌కి చెప్పింది. వినోద్ "సోమవారం చూద్దాం, ఇవాళ సరుకు పోవాలి" అన్నాడు. అలవాటు ప్రకారం అతను చెప్పిన నంబరు పుస్తకంలో వేసుకుని, ఆ 'సోమవారం' మాట ఆమె అప్పలకొండకి చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి దూలం జారింది. కింద తాడు పట్టుకుని నిలబడ్డ గోవిందరావు కుడి పాదం నుజ్జయింది. ఆసుపత్రిలో పాదం సగం తీసేశారు.

ఇప్పుడేమో ఆ 'సోమవారం' అన్న మాట జ్ఞానరత్నం సొంతంగా అన్నదని కథ కట్టారు. అప్పలకొండ మాత్రం ఏం చేస్తాడు? అతను విన్నది ఆమె గొంతే. ఇంటర్‌కమ్‌లో అవతల మాట్లాడిన పెద్దమనిషి మాట ఎవరూ వినలేదు. మాట మోసినవాళ్ళ నెత్తిన మాట పడేసి, మాట అన్నవాడు చేతులు దులుపుకోవడం ఎంత సుఖం!

ఆ సాయంత్రం మలంచా రోడ్డు మీద ఆటో దిగి సందులోకి మలుపు తిరిగేసరికి గోవిందరావు భార్య సింహాచలమ్మ ఎదురైంది. ఆసుపత్రికి క్యారేజీ పట్టుకుని వెళుతోంది. రెండిళ్ళ అవతలే కాపురం. పదిహేనేళ్ళుగా క్రిస్మస్ కేకు ఆ ఇంటికి వెళుతుంది, నాగులచవితి చిమ్మిలి ఈ ఇంటికి వస్తుంది. జ్ఞానరత్నం "ఎలాగున్నాడే?" అని అడగబోయేలోపే సింహాచలమ్మ అందుకుంది.

"అక్కా, సారుకి నువ్వు సెప్పనే లేదట. నీ అంతట నువ్వే సోమవారం అనేసినావట. ఫ్యాక్టరీ వోళ్ళు ఆసుపత్రికొచ్చి సెప్పినారు. ఒక్క మాట అక్కా! నువ్వు ఒక్క మాట సెప్పుంటే ఆయన కాలు ఉండును గదా."

అరిచినా బాగుండేది. అరవలేదు. ఆమె అలా అడిగి, సమాధానం కోసం కూడా ఆగకుండా క్యారేజీ చేయి మార్చుకుని వెళ్ళిపోయింది. జ్ఞానరత్నం ఆ సందులో అందరూ చూస్తుండగా నిలబడిపోయింది. ఉద్యోగం పోతే పోయింది, పద్నాలుగు నెలల ముచ్చట. కానీ ఈ మాట అలాగే ఉండిపోతే, రేపు కుంటుకుంటూ గోవిందరావు ఎదురైన ప్రతిసారీ ఆమె తల దించుకోవాలి. చెయ్యని తప్పుకి జీవితాంతం తల దించుకోవడమా?

మర్నాడు మంగళవారం అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళి, వినోద్ రాగానే అడిగింది.

"సార్, మీ సొరుగులో నంబర్ల షీటు ఉంది గదా. ఓపాలి తియ్యండి."

"ఏ షీటు?" అన్నాడు. సొరుగు తాళం తీసి, బయటికి లాగి మరీ చూపించాడు. స్టేప్లరు, చూయింగ్ గమ్ పొట్లం, ఫోన్ ఛార్జరు. షీటు లేదు. "మీ రైల్వే ఆట కాగితమా? శుభ్రం చేస్తుంటే పోయినట్టుందండీ."

శనివారం దాకా ఉన్న కాగితం, మనిషి కాలు పోయిన మర్నాడే చెత్తలోకి పోయింది. ఎంత శుభ్రమైన మనిషో చూడండి!

శిక్షణకు మాత్రం ఆమె వెళ్ళింది. సంతకం పెట్టకుండానే వెళ్ళింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి పదిమంది అసిస్టెంట్లు వచ్చారు, అందరూ ఆమె కూతురు వయసు వాళ్ళే. చెప్పడానికి కోల్‌కతా నుంచి ఏంజెలా అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మగారిల్లు ఇక్కడే కావడంతో తెలుగు, బంగ్లా కలిపి గలగలా మాట్లాడుతోంది. ఫోన్లో సమాచారం వస్తే ఎవరు, ఎప్పుడు, ఏమిటి, తిరిగి ఎవరికి చెప్పాలి అని నాలుగు గీతలు తెర మీద చూపించి, "అంతే! ఇంకేమైనా చేర్చాలా?" అని అడిగింది.

"సెప్పించుకోవాల," అంది జ్ఞానరత్నం వెనక వరస నుంచి.

"అంటే ఆంటీ?"

"నువ్వు నా సారువి అనుకో. ఇను. రెండో షెడ్డులో పై క్రేన్ బ్రేకు జారతంది, ఎత్తిన సరుకు నిలబడ్డం లేదు, ఆపడానికి ఆర్డరు కావాల, ఫోర్‌మన్ అడిగినాడు. ఇప్పుడు నువ్వు నాకు తిరిగి సెప్పు."

ఏంజెలా నవ్వుతూ మొదలుపెట్టింది. "రెండో షెడ్డులో... క్రేన్ బ్రేకు రిపేరు చేయాలి, ఆర్డరు పెట్టాలి..."

"సూసినావా? ఆపాలన్నది పోయింది. రిపేరు మాట నానన్లేదు." హాల్లో ఎవరూ నవ్వలేదు. "నాలుగు గీతలూ రాసేసుకుని పని అయిపోయిందనుకుంటే మనిషి కాలు పోతాది."

ఏంజెలా మొహంలో నవ్వు పోయింది కానీ చిన్నబుచ్చుకోలేదు. మంచి పిల్ల. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "తిరిగి చెప్పాక కూడా, తర్వాత వాళ్ళు నాకు చెప్పలేదంటే ఏం చేస్తారు ఆంటీ?"

అప్పుడు చెప్పింది జ్ఞానరత్నం. వాళ్ళ నాన్న జాకబ్, బళ్ళకి పట్టాలు మార్చే రైల్వే కేబిన్లో స్విచ్‌మన్. ఫోన్లో ఒక కేబిన్ వాళ్ళు మరో కేబిన్‌కి బండి సంగతి చెబితే, విన్నవాడు దాన్ని తిరిగి చెప్పి, తన దగ్గర రహస్యంగా దాచుకున్న షీటులో తరువాతి నంబరు కొట్టేసి, ఆ నంబరు ఇవతలివాడికి చెబుతాడు. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. ఆ షీటు విన్నవాడి దగ్గరే ఉంటుంది కాబట్టి చెప్పినవాడు ఆ నంబరు ఊహించి రాసుకోలేడు. పుస్తకంలో ఆ నంబరు ఉందంటే అవతలివాడు విన్నట్టే. ఈ పద్ధతి ఆఫీసులో పెడదామని ఆమె అంటే మొదటి మేనేజర్ ముచ్చటపడి, ప్రమాదానికి సంబంధించిన ఏ మాటకైనా నంబరు ఇవ్వాల్సిందేనని ఫ్యాక్టరీ నియమాల్లోనే రాయించాడు. తరువాతి వాళ్ళు ఎగతాళి చేస్తూనే నంబర్లు ఇచ్చారు. వినోదూ ఇచ్చాడు.

"శనివారం నా పుస్తకంలో నంబరు ఉంది. అరవై మూడు," అంది. "షీటు మట్టుకు సారు దగ్గర లేదట."

"మరి ఆ షీట్లు ఎవరు రాస్తారు?" అని అడిగింది ఏంజెలా.

మధ్యాహ్నం భోజనానికి వదలగానే జ్ఞానరత్నం తిండి మానేసి టైమ్ ఆఫీసుకి నడిచింది. షీట్లు రాసేది టైమ్ ఆఫీసు గుమాస్తా క్రిస్టోఫర్. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తంబోలా నంబర్ల ఆట ఆడించేవాడు కనక, అదే సంచిలో బిళ్ళలు కలిపి, చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి, వచ్చిన వరసలోనే నంబర్లు రాస్తాడు. రెండు కాపీలు. ఒకటి మేనేజర్‌కి. రెండోది కవర్లో పెట్టి, లక్క వేసి, దాని మీద మేనేజర్ చేత సంతకం పెట్టించుకుని ఇనుప బీరువాలో దాస్తాడు. వినోద్‌కి ఆ రెండో కాపీ సంగతి తెలియదు. తెలియకపోవడానికి రహస్యమేం కాదు, మూడు నెలల కిందట ఆ లక్క పక్కనే సంతకం చేశాడు. చూడకుండా చేశాడు, అంతే.

"అక్కా, నన్ను ఇందులోకి లాగకు," అన్నాడు క్రిస్టోఫర్ సంగతి వినగానే. "వొచ్చే నెల నా కాంట్రాక్టు కాగితం సారు బల్ల మీదికే పోతాది."

"ఆదివారం సర్చిలో నా పక్కనే నిలబడి పాడతావు గదా! గోవిందరావు కాలు ఎవరు తీసినారంటే జ్ఞానరత్నమక్కే అని రేపు ఊరంతా అంటే, అప్పుడూ అలాగే పాడతావా?"

క్రిస్టోఫర్ కుర్చీలోంచి లేచాడు. బీరువా తాళంచెవి జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "కవరు నీ సేతికి ఇవ్వను. నానే తెస్తాను. నువ్వు ముట్టుకున్నావంటే నువ్వే మార్సినావంటారు." తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, ఆయన షీటు సూసే సెప్పినాడా ఆ నంబరు? నోటికొచ్చింది సెప్పెయ్యలేదు గదా?"

ఒకసారి వినోద్ నిజంగానే నోటికొచ్చిన అంకె చెబితే, "షీటు సూసి సెప్పండి సార్" అని ఆమె గట్టిగా అడిగి సరైనది చెప్పించుకుంది. మామూలుగా ఫోన్లో సొరుగు లాగిన చప్పుడు వినపడుతుంది. శనివారం వినపడిందా? లారీల హారన్లు, షెడ్డు మోత. ఎంత ఆలోచించినా ఆ చప్పుడు గుర్తు రాలేదు.

బుధవారం హెడ్డాఫీసు నుంచి మీనాకుమారి అనే అధికారి వచ్చింది. నలభై దాటని మనిషి, మాట తక్కువ. కాన్ఫరెన్స్ హాల్లో ఆమెకు కుడివైపు వినోద్, ఎదురుగా జ్ఞానరత్నం కూర్చున్నారు. వినోద్ శిక్షణ కాగితం ముందుకు తోశాడు. "చిన్న కమ్యూనికేషన్ లోపం మేడమ్. శిక్షణకి పంపేశాం. ఆవిడ సంతకం ఒక్కటే మిగిలింది."

"ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగింది మీనాకుమారి.

"అబద్ధం మీద ఎట్టను మేడమ్." జ్ఞానరత్నం తన పుస్తకం తెరిచి పెట్టింది. తేదీ, టైము, ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఎవరికి చేరింది, ఏం జవాబిచ్చారు, ఆఖరి గడిలో నంబరు. పద్ధతి ఏమిటో నాలుగు ముక్కల్లో వివరించింది.

వినోద్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, ఈ పుస్తకం రాసింది ఆవిడే. అరవై మూడని రాసుకోవచ్చు, ముప్పై ఆరని రాసుకోవచ్చు. ఇదేం సాక్ష్యం?"

"మీ షీటుతో పోల్చి చూద్దాం," అంది మీనాకుమారి.

"అది పోయింది మేడమ్."

అప్పుడు తలుపు దగ్గర క్రిస్టోఫర్ గొంతు సవరించుకున్నాడు. కవరు తెచ్చి మీనాకుమారి ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె లక్క చూసింది, తేదీ చూసింది, వినోద్ వైపు తిప్పింది. "ఇది మీ సంతకమేనా?"

వినోద్ చూశాడు. "అవును... ఏదో వంద కాగితాల మధ్య పెట్టి ఉంటాను. చదవలేదు."

నిన్న మొన్న ఇదే మనిషి 'అయిదు సెకన్ల పని' అంటూ పెన్ను మూత తీసి అందించాడు. చదవకుండా సంతకం చేయడం లోకమంతా తన అలవాటే అనుకున్నాడు కాబోలు.

మీనాకుమారి లక్క పగలగొట్టి షీటు బయటికి తీసింది. "పుస్తకంలోవి వరసగా చదవండమ్మా. ఈ షీటు మొదలైన తేదీ నుంచి."

జ్ఞానరత్నం చదవసాగింది. పుస్తకాన్ని బల్లకి నొక్కి పెట్టింది. "పద్దెనిమిది."

"పద్దెనిమిది," అంది మీనాకుమారి, షీటు మీద వేలు పెట్టి.

"డెబ్బై ఒకటి. అయిదు. నలభై నాలుగు." ఒక్కొక్కదానికీ మీనాకుమారి వేలు ఒక గడి జరుగుతోంది. "ఎనభై తొమ్మిది. ముప్పై." మొత్తం పదకొండు కలిశాయి. పన్నెండోది శనివారానిది. ఆ రోజు ఆ మనిషి బద్ధకించి ఉంటే, పదకొండు నిజాలూ కలిసి కూడా ఆమెని కాపాడలేవు.

"అరవై మూడు," అంది.

మీనాకుమారి వేలు జరిగింది. ఆగింది. షీటుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, దాన్ని వినోద్ ముందుకు తిప్పింది. "అరవై మూడే. మీరు చెబితే తప్ప ఈవిడకి తెలిసే దారి లేదు. ఏం చెబుతారు?"

వినోద్ షీటుని పక్కకి జరిపాడు. "అంటే... విన్నానేమో మేడమ్. పని ఒత్తిడిలో మర్చిపోయి ఉంటాను." తర్వాత జ్ఞానరత్నం వైపు తిరిగి, ఎంతో ఉదారంగా, "సరేనండీ, ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. ఇక్కడితో వదిలేద్దాం," అన్నాడు.

"వొదిలెయ్యడానికి అదేటి గాలిపటమా?" జ్ఞానరత్నం లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ ఈ గదిలో ఆమె గొంతు ఇంత పైకి లేవలేదు. "ఇన్నారు సార్! ఇన్నారు, సోమవారం అన్నారు, మనిషి కాలు పోయింది. పోయినాక షీటు పారేసినారు. పారేసి, ఆసుపత్రికి మనుషుల్ని పంపి, వోళ్ళింటి ఆడమనిషితో నా పేరు సెప్పించినారు. నా కాగితం మీరు వెనక్కి తీసుకుంటే ఆ మాట వెనక్కి వస్తాదా?"

మీనాకుమారి వినోద్‌ని బయట కూర్చోమంది. అతను వెళ్ళాక, "మీ మాట నివేదికలో రాస్తానమ్మా. మీరు నిశ్చింతగా వెళ్ళండి," అంది.

జ్ఞానరత్నం వెళ్ళలేదు. మళ్ళీ కూర్చుని, పుస్తకంలో కొత్త వరస గీసి, గోడ గడియారం చూసి టైము వేసింది.

"ఏటి రాస్తారో తిరిగి సెప్పండి మేడమ్."

మీనాకుమారి ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నవ్వకుండా, ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది. "శనివారం పదకొండూ ఇరవైకి అప్పలకొండ హెచ్చరిక జ్ఞానరత్నం గారికి వచ్చింది. వెంటనే ఆవిడ మేనేజర్‌కి చేర్చారు. ఆపకుండా, సోమవారం చూద్దామని చెప్పింది మేనేజర్. ఇదే రాస్తాను, దీని కాపీ గోవిందరావు కుటుంబానికి ఇస్తాను."

"నంబరు?"

మీనాకుమారి షీటు వైపు చూసింది. అరవై మూడు తరువాతి గడి మీద పెన్నుతో అడ్డగీత గీసింది. "ఇరవై తొమ్మిది."

జ్ఞానరత్నం రాసుకుంది. బయటికి వచ్చి, వరండాలో నిలబడి, సింహాచలమ్మకి ఫోన్ చేసింది. అవతల ఆసుపత్రి సందడి. జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. చెప్పి ఆగింది. సింహాచలమ్మ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. అయినా వదలలేదు.

"ఏడుపు తరవాత. ముందు నాకు తిరిగి సెప్పు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. తర్వాత, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, పక్క మంచాలవాళ్ళకి కూడా వినపడేలా సింహాచలమ్మ చెప్పింది.

"నువ్వు సెప్పినావక్కా. సారే ఆపలేదు."